కంప్యూటరు ముందు చేతుల నొప్పి: ఆయుర్వేద దృష్టి, గృహవైద్యం

బరువులెత్తే వారికి భుజాలు నొప్పి పుడతాయంటే అందరికీ అర్థమవుతుంది. తులం బరువైనా లేని మీటలను నొక్కే వారికి చేతులెందుకు నొప్పి పుడతాయని ఇంట్లో పెద్దలు ఆశ్చర్యపడతారు. ఇది పని తప్పించుకోవడానికి చెప్పే సాకు అనుకునే వారూ లేకపోలేదు. సాకు కాదు. ఈ బాధను ఆధునికులు ‘రిపిటిటివ్ స్ట్రెయిన్ ఇంజురీ’ అంటున్నారు. అంటే ఒకే కదలికను విడువకుండా చేయడం వలన కండరాలకు, స్నాయువులకు, నరాలకు కలిగే హాని. నిర్లక్ష్యం చేస్తే గ్లాసు పట్టుకోవడం, జడ అల్లుకోవడం, బొత్తాము పెట్టుకోవడం కూడా కష్టమవుతుంది. చేతి పని మీదనే సంసారం నడిచే ఇంట్లో ఇది చిన్న విషయం కాదు.

పెద్ద నగరాల్లో, పెద్ద కంపెనీల్లో పనిచేసే వారికి వచ్చే జబ్బుగా దీనిని భావించడం పొరపాటు. 2011లో మీసేవ కేంద్రాలు ఆరంభమయ్యాయి. 2016 అక్టోబరు 11న గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడూ పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా నుండి విడివడి జిల్లా కేంద్రాలయ్యాయి. 2020 అక్టోబరులో భూముల వివరాలకు ధరణి వచ్చింది. 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. ఒకప్పుడు పట్వారీ బస్తాలో ఉండే పహాణీ ఇప్పుడు కంప్యూటరు తెర మీద ఉన్నది. ఆ తెర ముందు ఉదయం నుండి సాయంత్రం వరకు కూర్చునే యువతీ యువకులు ఈ మూడు పట్టణాలలోనూ ఉన్నారు. అర్జీదారులు కిటికీ దగ్గర నిలబడి ఉంటారు కనుక లేవడానికి మొహమాటం. కుర్చీ చూస్తే పెళ్లిళ్లలో వేసే ప్లాస్టిక్ కుర్చీ, బల్ల చూస్తే రొమ్ము ఎత్తున. మెడ ఒక వైపు, నడుము మరొక వైపు. ఇక చేతులు ఎంతకాలం ఓర్చుకుంటాయి?

మన శాస్త్రం ఏమంటున్నది

కంప్యూటరు కొత్తదే గాని దానివలన వచ్చే వ్యాధి స్వరూపం మన వారికి కొత్త కాదు. సుశ్రుత సంహిత నిదానస్థానం మొదటి అధ్యాయంలో వాతవ్యాధుల నడుమ ‘విశ్వాచి’ అనే రోగం చెప్పబడినది. ప్రకోపించిన వాతం బాహువు వెనుక నుండి అరచేతికి, వ్రేళ్లకు పోయే కండరలను దూషించి, చేతిని పనికి రాకుండా చేస్తుంది. కండర అంటే ఇక్కడ మాంసం కాదు. మాంసాన్ని ఎముకకు కట్టి ఉంచే త్రాడు వంటి భాగం. వాతం భుజశిరస్సులో చేరి అక్కడి బంధనాలను ఎండగట్టి చేతిని పైకి లేవనీయకుండా చేస్తే అది ‘అవబాహుకం’. నేడు మనం చూస్తున్న చేతి నొప్పులన్నీ ఈ రెండింటిలోనే ఇమిడిపోతాయని నేను అనను. చికిత్సకు మాత్రం ఈ రెండూ మంచి దారి చూపుతాయి.

కారణం విషయంలో చరకుని మాట మరింత ఉపయోగకరం. శరీరం, వాక్కు, మనస్సు చేసే పనులలో అతియోగం, హీనయోగం, మిథ్యాయోగం అని మూడు దోషాలు ఆయన చెప్పాడు. కంప్యూటరు పనిలో ఈ మూడూ ఒకేసారి జరుగుతాయి. వ్రేళ్లకు అతియోగం, కాళ్లకూ నడుముకూ హీనయోగం, వంగిన మెడకూ మడిచిన మణికట్టుకూ మిథ్యాయోగం.

పాశ్చాత్యులలో ఇటలీ దేశపు రామజ్జిని అనే వైద్యుడు 1700లో వృత్తుల వలన వచ్చే రోగాల మీద ఒక గ్రంథం రాశాడు. లేఖకుల బాధలకు ఆయన మూడు కారణాలు చెప్పాడు: నిరంతరం కూర్చుని ఉండడం, చేతిని విరామం లేకుండా ఒకే రీతిగా కదపడం, తప్పు పడకూడదన్న మానసిక ఆందోళన. కుడిచేయి చచ్చుబడిన ఒక లేఖకుడు ఎడమచేత రాయడం నేర్చుకోగా కొంతకాలానికి ఆ చేతికీ అదే గతి పట్టిందని కూడా ఆయన రాశాడు. కుడిచేయి నొప్పి అని మౌసును ఎడమచేతికి మార్చి అదే పనిని అంతసేపూ చేసే వారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మగ్గం, టైపు మిషను

నడిగడ్డ సీమలో ఒకే కదలికను వేలసార్లు చేసే పని కొత్తగా వచ్చినది కాదు. గద్వాల చీరకు ఒడలు నూలు, అంచూ కొంగూ పట్టు. ఈ రెండింటినీ ‘కుట్టు’ విధానంలో కలపాలంటే ప్రతి పేక పోగూ అంచు దగ్గర మెలిక పడాలి. మూడు నాడెలు ఆడాలి. ఆ చీర మడిస్తే అగ్గిపెట్టెలో ఇముడుతుందని పొగుడుతూ ఉంటారు. దానిని నేసిన భుజం ఎలా ఉన్నదని అడిగే వారు తక్కువ. గుంట మగ్గం మీద కూర్చున్న వారికి భుజం, నడుము, మోకాలు నొప్పులు వస్తూనే ఉంటాయి. మగ్గం పని ఆరోగ్యకరమని చెప్పడం నా ఉద్దేశం కాదు.

అయినా మగ్గం మనిషిని నడుమ నడుమ ఆపుతుంది. నాడెలోని కండె అయిపోతే వేరొకటి వేయాలి. పోగు తెగితే వంగి ముడివేయాలి. నేసిన బట్టను చుట్టుకోవాలి. ప్రతిసారీ చేయి వేరొక రకంగా కదులుతుంది. పట్టేసిన కండరం క్షణకాలమైనా వదులవుతుంది.

టైపు మిషనూ అంతే. లోయరు, హయ్యరు పరీక్షలకు ఇన్‌స్టిట్యూటులో చేరిన వారికి జ్ఞాపకం ఉంటుంది: పంక్తి చివర గంట మోగేది, ఎడమచేత్తో మీటను తోసి కొత్త పంక్తికి రావాలి, పుట అయిపోతే కాగితం మార్చాలి. మణికట్టు బల్లకు ఆనిస్తే గురువుగారు ఊరుకునేవారు కారు. కంప్యూటరు ఈ శ్రమలన్నీ తగ్గించింది, వాటితో పాటు విశ్రాంతినీ తీసివేసింది. కనుక యంత్రం ఇవ్వని విరామాన్ని మనిషే కల్పించుకోవాలి. నా దృష్టిలో ఈ రోగ నివారణకు ఇంతకంటే ముఖ్యమైన ఉపాయం లేదు. ఏ తైలమైనా దీని తరువాతనే.

అరగంటకొకసారి లేచి నిలబడి, రెండు నిమిషాలు చేతులు వ్రేలాడవేసి భుజాలు గుండ్రంగా త్రిప్పాలి. గంటకొకసారి ఐదు నిమిషాలు నడవాలి. నొప్పి వచ్చిన తరువాత కాదు, రాకముందే. మూత్రవేగం వచ్చినా ఆపుకుని కూర్చునే అలవాటు చాలామందికి ఉన్నది. వేగధారణ వాతాన్ని ప్రకోపింపజేస్తుందని శాస్త్రం. మంచినీళ్లు తరచుగా త్రాగుతూ, అవసరమైనప్పుడల్లా లేస్తే రెండు ప్రయోజనాలూ నెరవేరతాయి.

కూర్చునే పద్ధతి కూడా ముఖ్యమే. పాదాలు పూర్తిగా నేలకు ఆనాలి. అందకపోతే ఒక పీట వేసుకోవాలి. మోచేయి సుమారు సమకోణంలో, ప్రక్కలకు దగ్గరగా ఉండాలి. మణికట్టు పైకిగాని, క్రిందికిగాని, ప్రక్కకుగాని వంగకూడదు. బల్ల ఎత్తయితే కుర్చీ మీద గట్టి దిండు వేసుకోవడం చాలు. తెర పైభాగం కంటికి సమంగా, చేతిపొడవు దూరంలో ఉండాలి. మౌసు మీటల పలకకు ప్రక్కనే ఉండాలి గాని, చేయి చాచి అందుకునేంత దూరంలో కాదు. ల్యాప్‌టాప్ వాడేవారు దాని క్రింద నాలుగు లావు పుస్తకాలు పెట్టి, విడిగా ఒక మీటల పలక కొనుక్కోవాలి. ఇక పిల్లలు బొటనవ్రేలితో సెల్‌ఫోనులో గంటలకొద్దీ రాయడం, తోయడం వలన బొటనవ్రేలి మూలాన, మణికట్టు ప్రక్కన నొప్పి పుడుతుంది. అటువంటి నొప్పిని 1895లోనే డి కెర్వెన్ అనే స్విట్జర్లాండు వైద్యుడు వర్ణించాడు. సెల్‌ఫోను దానిని ఇంటింటికీ తెచ్చింది.

గుర్తులు

మొదట పని చివర మాత్రమే నొప్పి ఉండి తెల్లవారేసరికి పోతుంది. ఈ దశలో జాగ్రత్తపడితే చాలావరకు విశ్రాంతితోనే నయమవుతుంది. తరువాత పని మొదలుపెట్టగానే నొప్పి వస్తుంది, సెలవు రోజున కూడా పోదు. బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలు, ఉంగరపువ్రేలిలో సగం తిమ్మిరెక్కి, అర్ధరాత్రి మెలకువ వచ్చి చేయి విదిలించవలసి వస్తే మణికట్టులోని నరం నలుగుతున్నదని అనుమానించాలి. అక్కడ ఒక ఇరుకైన సొరంగం వంటి దారిలో తొమ్మిది స్నాయువులతో పాటు ఆ నరం కూడా పోతుంది. వాపు ఏ కొంచెం వచ్చినా నరానికే బాధ. దీనికి కంప్యూటరు ఒక్కటే కారణమనుకోరాదు. మధుమేహం, థైరాయిడ్ లోపం, గర్భధారణ కూడా కారణం కావచ్చును. ముందుగా ఆ పరీక్షలు చేయించుకోవాలి.

బొటనవ్రేలి మూలాన ఉన్న మాంసం కరిగి పల్లమైనా, వస్తువులు చేజారుతున్నా, స్పర్శ తెలియకపోయినా తైలాలతో కాలయాపన చేయరాదు. నరాల వైద్యుని చూడాలి; శస్త్రచికిత్స అవసరమైతే చేయించుకోవాలి. కరిగిన ఆ మాంసం తిరిగి రాకపోవచ్చును.

వావిలి తైలం

తొలి రెండు దశల్లోనూ అభ్యంగనం, స్వేదనం మంచి ఉపశమనం ఇస్తాయి. వాతానికి తైలాన్ని మించిన శమనం లేదు. మహామాష తైలం, మహానారాయణ తైలం, క్షీరబలా తైలం అంగళ్లలో లభిస్తాయి. ఇంట్లో చేసుకోదలచిన వారికి వావిలి తైలం సులభం. పొలం గట్ల మీద, వాగుల ఒడ్డున వావిలి దొరుకుతుంది.

ఎండిన వావిలాకు 250 గ్రాములు నాలుగు లీటర్ల నీటిలో వేసి ఒక లీటరు మిగిలేవరకు కాచి వడగట్టాలి. 60 గ్రాముల పచ్చి వావిలాకును మెత్తగా నూరి ముద్ద చేయాలి. పావు లీటరు నువ్వుల నూనెలో ఈ కషాయం, ముద్ద కలిపి, వెడల్పయిన పాత్రలో సన్నని మంట మీద అడుగంటకుండా కలుపుతూ కాచాలి. తొందరపడి మంట పెంచితే తైలం మాడి గుణం కోల్పోతుంది. ముద్దను రెండు వ్రేళ్ల నడుమ నలిపితే వత్తిలా రావాలి; నిప్పులో వేస్తే చిటపటలాడకూడదు; నూనె మీద నురుగు కనబడాలి. అప్పుడు దించి వడగట్టి గాజుసీసాలో పోసుకోవాలి.

రాత్రి పడుకునే ముందుగాని, స్నానానికి గంట ముందుగాని ఈ తైలాన్ని గోరువెచ్చగా చేసి మెడ, భుజం, మోచేయి, ముంజేయి మీద పది నిమిషాలు మృదువుగా మర్దించాలి. నొప్పి మణికట్టులో ఉన్నా దాని మూలం తరచుగా ముంజేతి కండరాల్లో, మెడలో ఉంటుంది కనుక మణికట్టు ఒక్కదానినే రుద్దితే లాభం తక్కువ. గట్టిగా పిసకడం హానికరం. తరువాత వావిలాకు, ఆముదపాకు, చింతాకు కొద్దిగా ఆముదంలో వేయించి గుడ్డలో మూటకట్టి కాపడం పెట్టాలి. ఆకులు దొరకని వారు వేడిచేసిన ఉప్పు మూట వాడవచ్చును. వాపు, ఎరుపు, వేడి ఉన్న చోట నూనె మర్దనా వద్దు, కాపడమూ వద్దు. రెండు మూడు రోజులు పూర్తి విశ్రాంతి ఇవ్వాలి. తిమ్మిరి ఉన్న చేతికి, మధుమేహరోగి చేతికి వేడి తెలియక బొబ్బలెక్కే ప్రమాదం ఉన్నది. కాపడం పెట్టే వారు మూటను ముందు తమ చెంపకు ఆనించి చూసుకోవాలి.

రాత్రి మణికట్టు మడిచి పడుకునే వారికి తిమ్మిరి ఎక్కువవుతుంది. మందుల దుకాణాల్లో దొరికే మణికట్టు పట్టీని వదులుగా కట్టుకుని, చేయి నిటారుగా ఉంచి పడుకుంటే కొన్ని వారాల్లో గుణం కనిపిస్తుంది.

ఆహారంలో మినుములు, పాలు, నెయ్యి, వెల్లుల్లి మితంగా ఉండాలి. ఎండిన చిరుతిళ్లు, చల్లని పానీయాలు, పదేపదే టీ, రాత్రి జాగరణ మానాలి. మహారాస్నాది కషాయం, యోగరాజ గుగ్గులు ఈ వ్యాధుల్లో వాడదగినవే గాని వైద్యుని సలహాతో మాత్రమే సేవించాలి. గర్భిణులు వాటిని సొంతంగా వాడనే రాదు.

నొప్పి తగ్గగానే ఒక్కసారిగా పూర్తి పనికి దిగవద్దు. మొదటి వారం పావుగంట చొప్పున, నడుమ అంతే విరామంతో మొదలుపెట్టి, నొప్పి తిరగబెట్టకపోతే వారానికి కొంత కొంత పెంచుకుంటూ పోవాలి. ఇంట్లో వారు ఈ రోజుల్లో రోలు, చీపురు, బట్టలు పిండే పని ఆ చేతికి అప్పగించకుండా ఉంటే మందు త్వరగా పట్టుతుంది.