సీసపు నాణేల స్థాయి నిర్ణయం: ముద్ర స్పష్టత, అరుగుదల – ఫణిగిరి నిధి నేపథ్యం

సూర్యాపేట జిల్లా ఫణిగిరి బౌద్ధక్షేత్రంలో 2024 మార్చి నెలాఖరున తెలంగాణ వారసత్వ శాఖ తవ్వకాలలో ఒక మట్టికుండ బయటపడింది. అందులో 3,730 సీసపు నాణేలున్నాయి. ఒకవైపు ఏనుగు, మరొకవైపు ఉజ్జయినీ చిహ్నం. సగటు బరువు 2.3 గ్రాములు. దొరికిన మట్టిపొరను బట్టి వీటిని ఇక్ష్వాకుల కాలానికి చెందినవిగా గుర్తించారు. ఆ రాజుల రాజధాని విజయపురి వెలసిన నాగార్జునకొండ లోయ నేడు నాగార్జునసాగర్ జలాశయంలో మునిగి ఉంది. అక్కడి తవ్వకాలలోనూ ఇక్ష్వాకుల సీసపు నాణేలు లభించాయి.

ఇటువంటి నిధిని పట్టికలోకి ఎక్కించే పరిశోధకునికి నాణెం నాణానికీ ఒకే సందేహం ఎదురవుతుంది. కనిపించని ఏనుగు తొండం అసలు పడనే లేదా, పడి అరిగిపోయిందా? మొదటిది టంకశాలకు సంబంధించిన సాక్ష్యం, రెండవది చెలామణీకి సంబంధించినది. ఈ రెండింటినీ విడదీసే పద్ధతిని వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

సేకర్తలలో ప్రచారంలో ఉన్న 1–70 కొలమానాన్ని విలియం షెల్డన్ 1949లో అమెరికా పాత రాగి సెంట్ల కోసం రూపొందించాడు. ఒకే అంకె యంత్రముద్రిత నాణేలకు కొంతవరకు సరిపోతుంది గాని చేతితో కొట్టిన ప్రాచీన నాణేలకు చాలదు. అందుకే అమెరికాలోని ఎన్.జి.సి. సంస్థ ప్రాచీన నాణేలకు అరుగుదల స్థాయిని వేరుగా చెప్పి, ముద్రకూ ఉపరితలానికీ విడివిడిగా ఐదేసి మార్కుల లెక్కన విలువ కడుతుంది. అమ్మకం కోసం పుట్టిన పద్ధతే అయినా ఈ విభజన పరిశోధకునికి పనికివస్తుంది.

అచ్చు లోపమా, అరుగుదలా?

కింది అచ్చును దిమ్మలో బిగించి, దానిపై లోహపు బిళ్ళనుంచి, పై అచ్చును సుత్తితో కొట్టేవారు. దెబ్బ ఏటవాలుగా పడితే ఒక అంచు లోతుగా, ఎదుటి అంచు బోసిగా మిగులుతుంది. బిళ్ళ అచ్చుకంటె చిన్నదైతే కొన్ని అక్షరాలు వెలుపలే ఉండిపోతాయి. శాతవాహన రాజుల పేర్లను పలు నాణేల ముక్కలను జతచేసి చదువవలసి రావడానికి ఇదొక కారణం.

అరుగుదలకు ఒక క్రమం ఉంటుంది. ఏనుగు పొట్ట, భుజం, కుంభస్థలం వంటి ఎత్తైన భాగాలు ముందుగా చదునవుతాయి. పల్లంలోని గీతలు చాలాకాలం నిలుస్తాయి. బలహీనమైన ముద్రకు ఈ క్రమం లేదు. ఎత్తుపల్లాలతో నిమిత్తం లేకుండా ఒక పక్క అంతా మసకబారి, తరచుగా దానికి వెనుకవైపు అదే చోటు కూడా బోసిగా ఉంటుంది. అచ్చే అరిగిపోయి ఉంటే గీతల అంచులు ఉబ్బి, పలచబారి కనిపిస్తాయి. అప్పుడు ఆ అచ్చుతో చివరిదశలో కొట్టిన నాణేలన్నింటిపైనా మసక ఒకేచోట ఉంటుంది. కనుక నిధిలోని నాణేలను ముందుగా అచ్చుల వారీగా వర్గీకరించాలి. ఇరవై నాణేలపై ఒకే తీరున తొండం లేకపోతే, ఇరవై నాణేలూ వేర్వేరు చేతుల్లో సరిగ్గా అక్కడే అరిగాయనుకోవడం అసంబద్ధం.

ఒక్కొక్కప్పుడు అమ్మకందారు లోపమన్నదే చరిత్రకారునికి ఆధారం. నాసిక్ ప్రాంతపు జోగల్‌తంబి నిధిలోని 13 వేలకు పైగా నహపానుని వెండి నాణేలలో 9 వేలకు పైగా వాటిపై గౌతమీపుత్ర శాతకర్ణి ముద్రలు మళ్ళీ పడి ఉన్నాయి. బొమ్మ చెదిరిన ఆ నాణేలే క్షహరాతులపై అతని విజయానికి సాక్ష్యం.

సీసం స్వభావం

సీసం గోటితో గీసినా గీత పడేంత మెత్తన. చెక్కపెట్టెల నుండి వెలువడే ఆమ్లపు ఆవిరులకు తెల్లని పొడిగా మారుతుంది. ఆ పొర బొమ్మను కప్పివేస్తే అది అరుగుదలా కాదు, ముద్రాలోపమూ కాదు. ఇంట్లో రాగిచెంబు తోమినట్లు చింతపండుతో తోమితే, పైపొరలో మిగిలిన వివరాలు కూడా పోతాయి. ఇటువంటి రసాయన మార్పు వల్ల బరువు పెరగవచ్చు, తగ్గనూ వచ్చు. అందువల్ల తక్కువ బరువును అరుగుదలకు గాని, సగటు బరువును టంకశాల ప్రమాణానికి గాని నేరుగా రుజువుగా తీసుకోరాదు.

పట్టికలో ముద్ర కేంద్రీకరణ, ముద్ర లోతు, అచ్చు దశ, అరుగుదల, ఉపరితల స్థితి అనే వాటిని రెండు ముఖాలకూ వేర్వేరు గడులలో నమోదు చేయాలి. ఛాయాచిత్రాలను ఏటవాలు వెలుతురులో, కనీసం రెండు దిక్కుల నుండి తీయాలి. ఒక దిక్కు వెలుతురులో కనిపించని తొండం మరొక దిక్కు వెలుతురులో కనిపించవచ్చు.