టీనేజర్లలో ఏడీహెచ్‌డీ: అది బద్ధకం కాకపోవచ్చు.. పాత ప్రోగ్రెస్ కార్డులు ఓసారి తీసి చూడండి!

పుస్తకం ముందు గంట కూర్చుంటారు.. పేజీ తిరగదు. హోంవర్క్ పూర్తి చేస్తారు.. నోట్‌బుక్ ఇంట్లోనే మర్చిపోతారు. ఒకే పని నాలుగుసార్లు చెప్పినా "ఆ.. చేస్తా" అంటారు, అంతే! ఇంట్లో వెంటనే వినిపించే మాటలు.. బద్ధకం, పొగరు, ఫోన్ పిచ్చి. కానీ కొందరు పిల్లల్లో అసలు కారణం వేరే ఉంటుంది. అదే అటెన్షన్ డెఫిసిట్ హైపర్‌యాక్టివిటీ డిజార్డర్.. క్లుప్తంగా ఏడీహెచ్‌డీ.

అసలేంటీ సమస్య?

ఇది మెదడు ఎదుగుదలకు సంబంధించినది. తెలివి తక్కువ కావడం కాదు, పెంపకంలో లోపమూ కాదు. జన్యువుల పాత్ర ఎక్కువ. 2007లో అమెరికాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్ పరిశోధకులు పిల్లల మెదడు స్కాన్‌లను పోల్చి చూశారు. మెదడు పై పొర ఎదుగుదలలో ఒక ముఖ్యమైన దశకు మిగతా పిల్లలు సుమారు ఏడున్నరేళ్లకు చేరితే, ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లు పదిన్నరేళ్లకు చేరారు. అంటే దాదాపు 3 ఏళ్ల తేడా. ప్లాన్ చేసుకోవడం, తొందరపాటును ఆపుకోవడం లాంటి పనులు చూసే ముందుభాగంలోనే ఈ ఆలస్యం ఎక్కువగా కనిపించింది.

టీనేజ్‌లో ఎందుకు కనిపెట్టలేం?

చిన్నప్పటి పరుగులు, గెంతులు ఈ వయసుకు తగ్గిపోతాయి. అలజడి లోపలికి వెళ్తుంది. కాళ్లు ఊపడం, మాట మధ్యలో అడ్డురావడం, చిన్నదానికే చిరాకు పడటం మిగులుతాయి. అమ్మాయిల్లో అయితే చాలామంది అల్లరే చేయరు. నిశ్శబ్దంగా పరధ్యానంలో ఉంటారు. టీచర్ నుంచి కంప్లైంట్ రాదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. టెన్త్ దాకా అమ్మో నాన్నో పక్కన కూర్చుని చదివిస్తే నెట్టుకొస్తారు. ఇంటర్‌లో సిలబస్ పెరిగి, అన్నీ సొంతంగా చూసుకోవాల్సి వచ్చేసరికి మార్కులు ఢమాల్!

మరి ఫోన్ గంటలు గంటలు ఎలా చూస్తారు?

చాలామంది తల్లిదండ్రుల డౌట్ ఇదే. ఏడీహెచ్‌డీ అంటే శ్రద్ధ అస్సలు లేకపోవడం కాదు.. కావాల్సిన చోటికి దాన్ని మళ్లించలేకపోవడం. రీల్స్, గేమ్స్‌లో మజా క్షణాల్లో దొరుకుతుంది. కెమిస్ట్రీ చాప్టర్‌లో దొరకదు.

ఎలా తేలుస్తారు?

రక్తపరీక్షతోనో, స్కాన్‌తోనో ఇది తేలదు. డాక్టర్లు ప్రధానంగా చూసేవి ఇవే:

* లక్షణాలు 12 ఏళ్లలోపే మొదలయ్యాయా?
* ఇల్లు, స్కూల్.. ఇలా కనీసం రెండు చోట్ల ఉన్నాయా?
* 6 నెలలకు పైగా కొనసాగుతున్నాయా?
* చదువును, స్నేహాలను దెబ్బతీస్తున్నాయా?

నిద్రలేమి, ఆందోళన, డిప్రెషన్, థైరాయిడ్ సమస్య ఉన్నా ఏకాగ్రత తగ్గుతుంది. నిన్నమొన్న మొదలైన మార్పు అయితే కారణం వేరే కావచ్చు. అందుకే డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ప్రైమరీ స్కూల్ ప్రోగ్రెస్ కార్డులు తీసుకెళ్లండి. "తెలివైనవాడే, కానీ ధ్యాస ఉండదు" అని టీచర్ ఎప్పుడో రాసిన ఒక్క లైన్ చాలా పనికొస్తుంది.

పట్టించుకోకపోతే?

ఏళ్ల తరబడి తిట్లు తిన్న పిల్లలు "నేనింతే, దేనికీ పనికిరాను" అని నమ్మేస్తారు. డిప్రెషన్, చదువు మానేయడం, బండి నడిపేటప్పుడు ప్రమాదాల ముప్పు పెరుగుతాయి.

ఇంట్లో ఏం చేయాలి?

* ఒకసారికి ఒక్క పనే చెప్పండి.
* చదువును 20 నిమిషాల ముక్కలుగా విడగొట్టి, మధ్యలో కాసేపు లేచి తిరగనివ్వండి.
* టైమ్‌టేబుల్ గోడకు అంటించండి. బ్యాగ్ రాత్రే సర్దించండి.
* చుట్టాల ముందు, పక్కింటి పిల్లలతో పోల్చకండి.

అవసరమైతే డాక్టర్లు కౌన్సెలింగ్‌తో పాటు మిథైల్‌ఫెనిడేట్, ఆటమాక్సెటిన్ వంటి మందులు ఇస్తారు. ఆకలి, నిద్ర తగ్గే అవకాశం ఉంది కాబట్టి సొంతంగా వాడకూడదు, మధ్యలో ఆపకూడదు.

ఎవరిని అడగాలో తెలియకపోతే టెలీ మానస్ ఉచిత హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేయొచ్చు. 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడొచ్చు. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి.

గమనిక: ఇది అవగాహన కోసం మాత్రమే. సమస్య ఉందో లేదో తేల్చాల్సింది సైకియాట్రిస్టే.