హార్లిక్స్ సీసాలో కారప్పొడి

మన వంటిళ్లలో హార్లిక్స్ సీసా తీస్తే కారప్పొడి, బిస్కెట్ డబ్బా తీస్తే సూదీ దారం. సర్దినవాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. జావాస్క్రిప్ట్, పీహెచ్‌పీ, పైథాన్‌లలో వేరియబుల్స్ తీరూ ఇంతే. ఇవాళ అంకె, రేపు అక్షరాలు. ఇష్టమైతే లోపల ఏ రకం ఉండాలో చీటీ అంటించుకోండి అన్న వెసులుబాటు తర్వాత వచ్చింది. అంటించాక దాన్ని చదివేదెవరన్నదే తమాషా!

జావాస్క్రిప్ట్‌లో కొటేషన్ల మధ్య ఉన్న "5"కు 1 కలిపితే "51" వస్తుంది. అదే "5"లోంచి 1 తీసేస్తే 4. ప్లస్ గుర్తుకు అతికించే పని కూడా ఉంది, మైనస్‌కు లేదు. 1995లో నెట్‌స్కేప్‌లో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో తొలి రూపం ఇచ్చిన భాష ఇది. ఏమీ లేదని చెప్పే 'నల్' ఏ రకమని అడిగితే 'ఆబ్జెక్ట్' అంటుంది. తప్పేనని అందరికీ తెలుసు. దిద్దితే పాత వెబ్‌సైట్లు చెడతాయని వదిలేశారు.

పీహెచ్‌పీ 7 (2015)లో అంకెలకూ అక్షరాలకూ చీటీలు వచ్చాయి. ఇక్కడి కాపలాదారు మరీ మెతక. అంకె అడిగిన చోట "5" ఇస్తే తనే అంకెగా మార్చి లోపలికి పంపిస్తాడు. ఫైలు మొదట్లో 'స్ట్రిక్ట్ టైప్స్' అని ప్రకటిస్తే మాత్రం గుమ్మంలోనే ఆపేస్తాడు. అదీ ఆ ఫైల్లోంచి వెళ్లే పిలుపులకే. పక్క ఫైలు ఆ ప్రకటన చేయకపోతే, అదే ఫంక్షన్‌ను పాత అలవాటుతోనే పిలుచుకోవచ్చు.

సున్నా, "abc" సమానమా? 2020లో పీహెచ్‌పీ 8 వచ్చేదాకా సమానమే!

పైథాన్ 3.5 (2015) నుంచి చీటీలు రాసుకోవచ్చు. నడిపేటప్పుడు పైథాన్ వాటిని పట్టించుకోదు. మైపై లాంటి వేరే పరికరంతో తనిఖీ చేయించుకోవాలి.

జావాస్క్రిప్ట్‌కు చీటీలు జోడిస్తూ మైక్రోసాఫ్ట్ 2012లో తెచ్చిన టైప్‌స్క్రిప్ట్‌లో అవి దర్జీ సుద్దగీతల్లాంటివి. కుట్టేటప్పుడు కావాలి, చొక్కా చేతికొచ్చేసరికి ఉండవు. బ్రౌజర్‌కు చేరేది ఉత్త జావాస్క్రిప్టే. సర్వర్ నుంచి అంకె వస్తుందని మనం రాసుకున్న చోట అక్షరాలు దిగినా ఆపేవారుండరు. కొత్తవాళ్లు బోల్తా పడేది ఎక్కువగా ఇక్కడేనని నా అనుమానం.

పేరు, కోలన్, రకం: టైప్‌స్క్రిప్ట్‌లో చీటీ రాసే ఈ వరస కొత్తదేం కాదు. టర్బో పాస్కల్ రాసిన ఆండర్స్ హేల్స్‌బర్గే టైప్‌స్క్రిప్ట్ రూపకర్త, పాస్కల్ వరసా అదే. ఫ్లాష్ కోసం 2003లో వచ్చిన యాక్షన్‌స్క్రిప్ట్ 2లోనూ అదే. రకాలను నేరుగా జావాస్క్రిప్ట్‌లోకే తేవాలని ఎక్మాస్క్రిప్ట్ 4 పేరుతో ఏళ్ల తరబడి చర్చించి, 2008లో అటకెక్కించారు.