ఓడిన ఆటకు ఉద్వాసన ఎవరికి?

2016వ సంవత్సరం మే నెలలో ఇంగ్లండులోని లెస్టర్ పట్టణమంతా వీధుల్లోకి వచ్చింది. ఆ ఊరి ఫుట్‌బాల్ జట్టు, తన చరిత్రలో ఎన్నడూ లేనిది, ఆ దేశంలోకెల్లా పెద్ద పోటీ అయిన ప్రీమియర్ లీగ్‌లో ప్రథమస్థానం సంపాదించుకున్నది. సీజను మొదట్లో ఆ జట్టు మీద ఒక్క పౌను పందెం కాస్తే అయిదువేల పౌనులు ఇస్తామన్నారు పందెం దుకాణాలవారు. ఆ పని జరగదని వారికి అంత ధీమా! జరిగింది. జట్టును నడిపించినవాడు క్లాడియో రనియేరీ అనే ఇటలీ దేశస్థుడు. అరవై నాలుగేళ్ళ పెద్దమనిషి. ఊరంతా ఆయన్ను నెత్తిన పెట్టుకున్నది.

తొమ్మిది నెలలు తిరిగాయి. 2017 ఫిబ్రవరి 23న ఆ క్లబ్బు యజమానులే ఆయనకు ఉద్వాసన చెప్పారు.

ఇందులో ఇంకొక వింత ఉన్నది. సరిగా పదహారు రోజుల ముందు ఆ క్లబ్బువారే, మేనేజరుకు మా అండ చెక్కుచెదరలేదని బహిరంగంగా ప్రకటించారు. ఇంగ్లండులో యజమాని ఇట్లా అభయహస్తం చూపించాడంటే, మేనేజరుగారి ఇల్లాలు పెట్టె సర్దుకోవడం మంచిదని నా అభిప్రాయం.

కృతఘ్నులు అని ఒక్కమాట అనేసి ఊరుకోవచ్చు. కాని కోట్లకు పడగలెత్తిన వ్యాపారులు, తమ సొంత వ్యాపారంలో ఒక్క గుమాస్తాను తీసెయ్యాలన్నా పదిసార్లు ఆలోచించేవారు, ఇక్కడ మాత్రం ఎందుకింత తొందరపడతారు? ఈ ప్రశ్న నన్ను చాలాకాలంగా వేధిస్తున్నది.

బంతి తన్నని నేరస్థుడు

మనకు మేనేజరు అనగానే బ్యాంకులోనో హోటల్లోనో బల్లవెనుక కూర్చునే పెద్దమనిషి జ్ఞాపకం వస్తాడు. ఫుట్‌బాల్ మేనేజరు పని వేరు. జట్టులోకి ఎవరిని తీసుకోవాలో, ఎవరిని పక్కన కూర్చోబెట్టాలో, ఏ ఎత్తు వెయ్యాలో అన్నీ ఆయనే చూసుకోవాలి. గురువూ ఆయనే, సేనానీ ఆయనే. అయితే ఈల మోగిన తరువాత బంతిని ఒక్క తన్ను తన్నే హక్కు మాత్రం ఆయనకు లేదు. గీత అవతల నిలబడి అరవాలి, అంతే. తన్నవలసినవాళ్ళు పదకొండుమంది, తప్పు తన్నితే శిక్ష అనుభవించేవాడు ఒక్కడు. కాపరం చెడితే ముహూర్తం పెట్టిన పురోహితుణ్ణి పట్టుకుని తిట్టడంలాంటిదే ఇదీను.

మరి ఆటగాళ్ళనే తీసెయ్యవచ్చుగదా అంటారేమో! అక్కడే ఉన్నది చిక్కంతా. ఒక్కొక్క ఆటగాడికీ కొన్ని సంవత్సరాల ఒప్పందం ఉంటుంది. ఆటగాళ్ళను కొనడానికీ అమ్మడానికీ వేసవిలో ఒకసారి, జనవరిలో ఒకసారి మాత్రమే తలుపులు తెరుస్తారు. నవంబరులో వరసగా అయిదు ఆటలు ఓడిపోతే, కొత్త ఆటగాడు కావాలన్నా దొరకడు. స్టేడియంలో కూర్చుని గోల చేసే వేలమంది అభిమానులను తీసెయ్యడం ఎవరి తరమూ కాదు. యజమాని తనను తాను తీసేసుకోడు. ఇంతమందిలో సోమవారం పొద్దున ఒక్క ఉత్తరంతో మార్చడానికి వీలైనవాడు మేనేజరు ఒక్కడే. ఆడలేక మద్దెల ఓడన్నారు వెనకటికి. ఇక్కడ మద్దెలకు జీతం కూడా ఉన్నది, అంతే తేడా.

దీనికి తోడు డబ్బు భయం. ప్రీమియర్ లీగ్‌లో జట్లు ఇరవై. ఒక్కొక్కటీ 38 ఆటలు ఆడాలి. చివర మిగిలిన మూడు జట్లను కింది తరగతికి దింపేస్తారు. పై తరగతిలో అట్టడుగున నిలిచిన జట్టుకు కూడా, టెలివిజను హక్కుల ధర్మమా అని, ఇటీవలి సంవత్సరాలలో ఏడాదికి పదికోట్ల పౌనులకు పైగా లీగునుంచి ముడుతున్నది. మన లెక్కలో వెయ్యికోట్ల రూపాయలకు పైమాటే. కింది తరగతికి దిగితే, మొదటి రెండు మూడేళ్ళు ఊరడింపుగా ఇచ్చే సొమ్ము కలుపుకున్నా, అందులో సగానికి సగం కూడా రాదు. ఆటగాళ్ళ జీతాలేమో పై తరగతి జీతాలు!

రనియేరీని పంపించిననాడు లెస్టర్ జట్టు పదిహేడవ స్థానంలో ఉన్నది. గండానికి ఒకే ఒక్క పాయింటు ఎడం. యజమాని విచాయ్ శ్రీవద్ధనప్రభ థాయిలాండు వ్యాపారి. విమానాశ్రయాలలో దుకాణాలు నడిపి ధనికుడైనవాడు. క్రూరుడేమీ కాడు. 2018 అక్టోబరులో స్టేడియం పక్కనే హెలికాప్టరు కూలి ఆయన మరణిస్తే లెస్టర్ ప్రజలు సొంత మనిషి పోయినట్లు కన్నీరు పెట్టుకున్నారు. అటువంటి మనిషి చేతనే ఈ పని చేయించింది ఆ ఒక్క పాయింటు.

హస్తవాసి రహస్యం

"సరే, తీసేశారు. ఫలితం?" అని మీరు అడగవచ్చు.

రనియేరీ కింద సహాయకుడుగా ఉన్న క్రెగ్ షేక్‌స్పియర్ పగ్గాలు పట్టుకున్నాడు. వచ్చీరాగానే లీగులో వరసగా అయిదు ఆటలు గెలిపించాడు. జట్టు పన్నెండవ స్థానానికి చేరి గండం గట్టెక్కింది. చూశారా, యజమాని ఎంత దూరదృష్టి కలవాడో అన్నారు అందరూ. ఆ ఏడాది అక్టోబరు నడిమికి వచ్చేసరికి షేక్‌స్పియరుకూ ఉద్వాసన అయింది!

ఈ వరస గెలుపుల కిటుకు అర్థం కావాలంటే మన ఇళ్ళలో జరిగే సంగతి ఒకటి తలుచుకోవాలి. పిల్లవాడికి జ్వరం వచ్చింది. మొదటి వైద్యుడు మందిచ్చాడు. అయిదు రోజులైనా తగ్గలేదు. ఇంట్లో ఆదుర్దా. ఆరవనాడు ఇంకొక వైద్యుణ్ణి పిలిచారు. ఏడవనాటికి జ్వరం దిగింది. "ఆయన హస్తవాసి మంచిది" అని బామ్మగారు తీర్పు చెప్పింది. మొదటి వైద్యుడి మందే పనిచేసిందో, జ్వరం తన గడువు తీరి తానే పోయిందో ఎవరూ అడగరు. కీర్తి మాత్రం ఆరవనాడు వచ్చినవాడిది.

ఫుట్‌బాల్‌లోనూ ఇదే. యజమాని మేనేజరును తీసేసేది జట్టు పరిస్థితి మరీ అధ్వాన్నంగా ఉన్న రోజున. అధ్వాన్నానికి కారణాలు అనేకం: ముఖ్యమైనవాడి మోకాలు బెణకడం, బంతి గోలు స్తంభానికి తగిలి వెనక్కి రావడం, వరసగా గట్టి జట్లతోనే తలపడవలసి రావడం. ఇవి ఎల్లకాలం ఉండవు. కాలు నయమవుతుంది, బలహీనమైన జట్లూ ఎదురుపడతాయి. ఎవరున్నా లేకపోయినా జట్టు మామూలు స్థితికి వస్తుంది. అప్పుడు గీత పక్కన నిలబడి ఉన్నవాడికి హస్తవాసి పేరు!

ఇది నా ఊహ కాదు. హాలండు దేశపు ఆర్థికశాస్త్రజ్ఞుడు బాస్ టెర్ వీల్ అక్కడి పై తరగతి పోటీలను 1986 నుంచి 2004 వరకు వరసగా పరిశీలించాడు. మేనేజరును మార్చిన జట్లు ఆ తరువాత కోలుకున్న మాట నిజమే. అయితే ఆయన అంతటితో ఆగలేదు. అట్లాగే దెబ్బతిని కూడా మేనేజరును మార్చని జట్లను వెతికి పక్కన పెట్టి చూశాడు. అవీ దాదాపు అంతే కోలుకున్నాయి!

లెస్టరువారికి ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. 2014లో క్రిస్మసు పండుగనాటికి వారి జట్టు అట్టడుగున ఉన్నది. సీజను పూర్తయ్యేవరకు మేనేజరును కదపలేదు. చివరి తొమ్మిది ఆటలలో ఏడు గెలిచి పద్నాలుగవ స్థానంతో బయటపడింది. ఆ మరుసటి సంవత్సరమే అది లీగు విజేత అయింది.

హస్తవాసి పనిచెయ్యని సందర్భాలూ ఉన్నవి. మాంచెస్టర్ యునైటెడ్ క్లబ్బు ఎరిక్ టెన్ హాగ్ అనే డచ్చి మేనేజరుకు 2024 జూలైలో ఒప్పందం పొడిగించి, అక్టోబరు 28న పొమ్మన్నది. నాలుగు నెలలు కాలేదు. ఆయనకూ ఆయనతోపాటు వెళ్ళిన సహాయకులకూ చెల్లించిన పరిహారం, క్లబ్బు లెక్కల ప్రకారమే, కోటీ నాలుగు లక్షల పౌనులు. పంపించిననాడు జట్టు పద్నాలుగవ స్థానంలో ఉన్నది. కొత్త మేనేజరు వచ్చాడు. సీజను ముగిసింది. జట్టు స్థానం పదిహేను!

రెండవ పక్షం

యజమానుల పక్షాన చెప్పవలసింది ఏమీ లేదా? లేకేం! చెల్సీ క్లబ్బును 2003లో కొన్న రష్యా కుబేరుడు రోమన్ అబ్రమోవిచ్ పందొమ్మిదేళ్ళలో పదిమందికి పైగా మేనేజర్లను మార్చాడు. ఆయన కాలంలో చెల్సీ జట్టు ఐరోపా ఖండంలోని క్లబ్బులన్నిటిలోకీ శ్రేష్ఠమైన చాంపియన్స్ లీగ్ కప్పును రెండుసార్లు గెలిచింది: 2012లో, 2021లో. ఆ రెండుసార్లూ సీజను మధ్యలో పాత మేనేజరును తీసేసి కొత్తవాణ్ణి తెచ్చిన తరువాతనే! కాబట్టి ఓపిక ఒక్కటే సర్వరోగనివారిణి అంటే నేను ఒప్పుకోను. ఆటగాళ్ళకూ మేనేజరుకూ మాటలు లేనంత దూరం వచ్చినప్పుడు, ఒకరు వెళ్ళక తప్పదు.

కాని కథ అక్కడితో పూర్తికాలేదు. 2012 మే నెలలో కప్పు తెచ్చిన డి మాటియోను ఆ నవంబరులోనే పంపించివేశారు. 2021లో కప్పు తెచ్చిన టూఖెల్‌ను, క్లబ్బు చేతులు మారిన తరువాత, 2022 సెప్టెంబరులో కొత్త యజమానులు పంపించివేశారు. కప్పు తెచ్చినవాడికే ఇంత రక్షణ ఉంటే, తేలేనివాడి గతి ఆలోచించండి. పైగా అబ్రమోవిచ్ ప్రతి మేనేజరుకూ మేలైన ఆటగాళ్ళను కొనిపెట్టగల భాగ్యవంతుడు. ఆయన అలవాటు నేర్చుకున్న చిన్న క్లబ్బులకు ఆయన ఖజానా లేదు.

మార్పుకు పరిహారం ఒక్కటే ఖర్చు కాదు. కొత్తగా వచ్చినవాడు కొత్త పద్ధతి పెడతాడు. పాతవాడు ముచ్చటపడి కొనిపించిన ఆటగాడు ఇతనికి పనికిరాడు. మా వీధిలో ఒక గృహస్థు, పిల్లవాడికి లెక్కలలో మార్కులు తగ్గినప్పుడల్లా ట్యూషను మేష్టరును మార్చేవారు. క్వార్టర్లీకి ఒకరు, హాఫియర్లీకి ఒకరు. వచ్చిన ప్రతి మేష్టరూ, "ఇంతకుముందు చెప్పింది తప్పు, మళ్ళీ మొదటినుంచీ మొదలుపెడదాం" అనేవాడు. ఏడాది పొడుగునా ఆ పిల్లవాడు మొదటి అధ్యాయంలో మాత్రం ఘనాపాఠీ అయినాడు!

ఆగినవారికి దక్కినది

ఇదే మాంచెస్టర్ యునైటెడ్‌కు 1986 నవంబరులో అలెక్స్ ఫెర్గుసన్ మేనేజరుగా వచ్చాడు. మూడేళ్ళు గడిచినా ఒక్క కప్పు రాలేదు. ఆయనను పొమ్మని అభిమానులు స్టేడియంలోనే గుడ్డమీద రాసి పట్టుకున్నారు. యజమానులు మాత్రం ఆగారు. 1990లో ఎఫ్.ఎ. కప్పు వచ్చింది. 1993లో, ఇరవై ఆరేళ్ళ తరువాత, లీగు విజయం వచ్చింది. 2013లో ఆయన తనంతట తాను విరమించుకునేనాటికి లీగు విజయాలు పదమూడు!

బ్రయన్ క్లఫ్‌ను 1974లో లీడ్స్ క్లబ్బువారు 44 రోజులకే వెళ్ళగొట్టారు. మరుసటి ఏడాది నాటింగ్‌హామ్ ఫారెస్ట్ అనే చిన్న క్లబ్బు ఆయనను చేరదీసింది. 1979లోనూ 1980లోనూ ఆ చిన్న క్లబ్బుకు ఆయన ఐరోపా కప్పును తెచ్చి ఇచ్చాడు. పద్ధెనిమిదేళ్ళు అక్కడే ఉన్నాడు.

ఇంతసేపూ ఇంగ్లండు కబుర్లు చెప్పి, మన హైదరాబాదు మనిషిని మరిచిపోతే న్యాయం కాదు. 2024లో వచ్చిన "మైదాన్" అనే హిందీ చిత్రం చూసినవారికి సయ్యద్ అబ్దుల్ రహీం పేరు కొత్త కాదు. స్కూలు మేష్టరు. హైదరాబాదు సిటీ పోలీసు జట్టునూ, భారత జట్టునూ తీర్చిదిద్దిన గురువు. 1952లో హెల్సింకి ఒలింపిక్ పోటీలలో ఆయన శిక్షణలో వెళ్ళిన మన జట్టు యుగోస్లావియా చేతిలో 10-1 గోల్స్ తేడాతో చిత్తుగా ఓడింది. మనవారిలో చాలామంది ఆ చలిదేశంలో వట్టికాళ్ళతో ఆడారు. ఏ కాలంలోనైనా, ఏ దేశంలోనైనా అటువంటి ఓటమి ఒక గురువుకు ఉద్వాసన చెప్పడానికి చాలును.

మధ్యలో కొన్ని పోటీలకు ఇతరులు వెళ్ళినా, పెద్ద పరీక్ష వచ్చినప్పుడు మళ్ళీ రహీంనే పిలిచారు. 1956లో మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో ఆయన జట్టు ఆస్ట్రేలియాను వారి గడ్డమీదనే 4-2 తో ఓడించి నాలుగవ స్థానం సంపాదించింది. 1962లో జకార్తా ఆసియా క్రీడలలో దక్షిణ కొరియాను 2-1 తో ఓడించి బంగారు పతకం తెచ్చింది. మరుసటి ఏడాది జూన్‌లో కేన్సరు వ్యాధి ఆయనను తీసుకుపోయింది.

ఆసియా క్రీడలలో మన ఫుట్‌బాల్ జట్టుకు ఆ తరువాత ఈనాటివరకు బంగారం రాలేదు. మేనేజర్లు మాత్రం చాలామంది వచ్చారు, చాలామంది వెళ్ళారు.