గడి వాలితే మాత్రిక అర్థమవుతుంది

అడ్డు వరుసను నిలువు వరుసతో గుణించాలి, వచ్చినవి కూడాలి. ఇంటర్‌లో మాత్రికల పాఠం చాలామందికి ఇంతవరకే గుర్తుంటుంది. లెక్క తప్పు పోకుండా చేసినవాళ్లు కూడా ఆ గుణకారం ఎందుకలా ఉందంటే తెల్లమొహం వేస్తారు. తప్పు పిల్లలది కాదు, వాళ్లకు బొమ్మ చూపించినవాళ్లు లేరు.

ఒక గ్రాఫ్ కాగితం చాలు. మూలబిందువును ఆనుకుని ఉన్న ఒక గడికి రంగు వేయండి. మాత్రిక పై వరుసలో 3, 1; కింది వరుసలో 0, 2 ఉన్నాయనుకుందాం. మొదటి నిలువు వరుస 3, 0. అంటే గడికి కుడివైపు కింది మూల మూలబిందువు నుంచి మూడు గడుల దూరానికి చేరుతుంది. రెండోది 1, 2. ఎడమవైపు పై మూల ఒక గడి కుడికి, రెండు గడుల ఎత్తుకు చేరుతుంది. చతురస్రం కాస్తా పక్కకు వాలి సమాంతర చతుర్భుజమైంది. భూమి 3, ఎత్తు 2, వైశాల్యం 6. ఇప్పుడు నిర్ధారకం కట్టి చూడండి, అదీ 6 వస్తుంది! వైశాల్యం ఎన్ని రెట్లయిందో చెప్పే సంఖ్యే నిర్ధారకం.

అదే మాత్రికలో పైన 2, 4; కింద 1, 2 ఉంటే మూలలన్నీ ఒకే గీత మీద పడతాయి. గడి నలిగి గీతైపోయింది, నిర్ధారకం సున్నా. గీత మీది బిందువు మొదట ఎక్కడుండేదో ఇక చెప్పలేం. అందుకే ఆ మాత్రికకు విలోమం లేదు.

అమెరికాలోని ఎంఐటీలో దశాబ్దాల పాటు ఈ సబ్జెక్టు చెప్పి, 2023లో చివరి పాఠం ముగించిన గిల్బర్ట్ స్ట్రాంగ్ మొదటి రోజే ఇలాంటి బొమ్మ గీసేవారు. రెండు సమీకరణాలను రెండు గీతలుగా గీయడం అందరికీ తెలిసిందే. ఆయన ఆ సమీకరణాల మాత్రికలోని నిలువు వరుసలను బాణాలుగా గీసి, ఏ బాణం ఎన్నిసార్లు వేస్తే గమ్యం చేరతామని అడిగేవారు. 2016లో గ్రాంట్ శాండర్సన్ తన త్రీబ్లూవన్‌బ్రౌన్ యూట్యూబ్ చానల్లో ఆ గడులను నిజంగానే కదిలించి చూపారు. అందుకు వాడిన పైథాన్ ప్రోగ్రాం మానిమ్ ఆయన రాసుకున్నదే.

మూడు కొలతలు దాటాక కన్ను సాయపడదు, అక్కడ బీజగణితమే దిక్కు. అయినా చూసిన బొమ్మ వృథా పోదు. డిగ్రీలో ఐగన్ వెక్టర్ అంటే, మాత్రిక కదిలించినా తన గీత వదలని బాణం; అది ఎన్ని రెట్లు సాగిందో చెప్పేదే ఐగన్ విలువ. కాగితాన్ని 90 డిగ్రీలు తిప్పే మాత్రికకు వాస్తవ సంఖ్యల్లో ఐగన్ విలువ ఎందుకు దొరకదో సమీకరణం సాధించకుండానే చెప్పొచ్చు. కాగితం తిప్పి చూస్తే, ఒక్క బాణమూ తన గీత మీద నిలవదు.