మీకు తెలుసా? మన అంబాసిడర్‌కు స్పోర్ట్స్ కారుతో చుట్టరికం

ఎంజీ, ట్రయంఫ్ లాంటి పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కార్లు వరంగల్–ఖమ్మం రోడ్డు మీద కనిపించడం అరుదు. వాటి దగ్గరి చుట్టాలైన అంబాసిడర్ లాంటి కార్లు మాత్రం దశాబ్దాల పాటు మరిపెడ బంగ్లా మీదుగా తిరిగాయి. పెళ్లికొడుకులను మోశాయి, ఎన్నికల ప్రచారం చేశాయి, అర్ధరాత్రి రోగులను వరంగల్ పెద్దాసుపత్రికి చేర్చాయి. ఇప్పుడవి అక్కడక్కడా షెడ్లలో దుమ్ము పట్టి ఉన్నాయి. వాటి పుట్టుపూర్వోత్తరాలు, బాగోగులు తెలిస్తే తుక్కు కింద తూకానికి వేయడానికి ఎవరికీ చేతులు రావు.

1. ఇంజిన్ ఒకే ఇంటిది

1955లో వచ్చిన ఎంజీఏ స్పోర్ట్స్ కారులో బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి 'బి సిరీస్' ఇంజిన్ ఉండేది. దాని పరిమాణం 1489 సీసీ. మారిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నమూనాతో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో తయారైన అంబాసిడర్‌కు 1959లో ఆ కుటుంబానికే చెందిన 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్ అమర్చారు. ఎంజీఏకు రెండు కార్బొరేటర్లు, అంబాసిడర్‌కు ఒకటే. కంప్రెషన్‌లోనూ తేడా ఉంది. అందుకే ఎంజీఏ మొదట్లోనే 68 హార్స్ పవర్ ఇస్తే, అంబాసిడర్ సుమారు 55 దగ్గర ఆగింది. 1990లలో ఇసుజు ఇంజిన్ వచ్చాక ఈ చుట్టరికం పలచబడింది. 2014 మేలో అంబాసిడర్ తయారీయే ఆగిపోయింది.

2. కార్బొరేటర్ చెప్పుల వ్యాపారుల ఇంటి నుంచి వచ్చింది

ఎంజీలకూ అంబాసిడర్లకూ వాడిన ఎస్‌యూ కార్బొరేటర్‌ను రూపొందించిన స్కిన్నర్ సోదరులది లండన్‌లో పాదరక్షల వ్యాపారం చేసే కుటుంబం. తొలినాళ్ల ఎస్‌యూలో పిస్టన్ ఉండేది కాదు. కమ్మరి కొలిమి తిత్తిలాగా ముడుచుకుని విచ్చుకునే తోలు తిత్తి ఉండేది. తర్వాత దాని స్థానంలో లోహపు పిస్టన్ వచ్చింది. ఆ పిస్టన్ కుదుపు లేకుండా లేవాలంటే పై మూత విప్పి, లోపల కొద్దిగా పలుచని ఇంజిన్ ఆయిల్ పోయాలి. అది ఎండిపోతే యాక్సిలరేటర్ తొక్కగానే బండి తడబడుతుంది. అలాంటప్పుడు కార్బొరేటర్ మార్చేముందు ఒక్క చెంచా ఆయిల్ పోసి చూడండి.

3. హెరాల్డ్, స్పిట్‌ఫైర్ తోబుట్టువులు

మద్రాసులోని స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ ఆఫ్ ఇండియా 1961 నుంచి అమ్మిన స్టాండర్డ్ హెరాల్డ్, అసలుకు బ్రిటన్‌లో 1959లో వచ్చిన ట్రయంఫ్ హెరాల్డ్. దాని చాసిస్‌నే పొట్టిగా చేసి, రెండు సీట్ల బాడీ ఎక్కించి, 1962లో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారు తెచ్చారు. రెండింటికీ రూపమిచ్చింది ఇటలీకి చెందిన జొవాన్నీ మికెలోటి. స్పిట్‌ఫైర్ తయారీ 1980 దాకా సాగింది. ఇంకో విశేషం, నాలుగు తలుపుల హెరాల్డ్‌ను బ్రిటన్ ఎప్పుడూ తయారుచేయలేదు. అది మద్రాసులోనే పుట్టింది.

4. స్పిట్‌ఫైర్ పేరుకు హైదరాబాద్ సంస్థానంతో ముడి

కారుకు ఆ పేరు రెండో ప్రపంచ యుద్ధపు స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం నుంచి వచ్చింది. ఆ విమానాలు నడిపిన బ్రిటిష్ వాయుసేన దళాల్లో 152వ స్క్వాడ్రన్‌కు 'హైదరాబాద్' అని పేరు పెట్టారు. దాని చిహ్నంలో నిజాం తలపాగా ఉంటుంది. 1940లో బ్రిటన్ గగనతలంలో జరిగిన పోరులో ఈ దళం ఇంగ్లండ్ దక్షిణ తీరాన్ని కాపాడింది. అప్పుడు మరిపెడ కూడా ఆ హైదరాబాద్ సంస్థానంలోనిదే.

5. మెకానిక్ టైరు మీద కూర్చుని పనిచేయొచ్చు

హెరాల్డ్, స్పిట్‌ఫైర్‌ల బానెట్ మడ్‌గార్డులతో సహా ముందుకు ఒరిగి తెరుచుకుంటుంది. ఇంజిన్, స్టీరింగ్, ముందు సస్పెన్షన్ మొత్తం కళ్లముందుంటాయి కాబట్టి ముందు టైరు మీద కూర్చునే మరమ్మతు చేయొచ్చు. చక్రాలు ఎంతగా తిరుగుతాయంటే, హెరాల్డ్ సుమారు 25 అడుగుల వలయంలో చుట్టు తిరిగేస్తుంది. ఇరుకు బజారులో యూటర్న్‌కు రివర్స్ గేర్ అవసరం తక్కువే.

6. ఆ చోట గ్రీజు కొడితే ప్రమాదం

ఈ రెండు కార్ల ముందు చక్రాల దగ్గర, కింది భాగంలో ట్రనియన్ అనే ఇత్తడి రంగు ముక్క ఉంటుంది. స్టీరింగ్ తిప్పినప్పుడు దాని మరల్లోనే చక్రం తిరుగుతుంది. అందులోకి ఎక్కించాల్సింది గ్రీజు కాదు, 90 నంబరు గేర్ ఆయిల్. గ్రీజు మరల సందుల్లోకి దిగదు. లోపల తుప్పు పట్టి, ఒకనాడు నిలువు కడ్డీ విరిగి చక్రం పడిపోవచ్చు. 10,000 కిలోమీటర్లకు ఒకసారి ఆయిల్ పెట్టడం కంపెనీ చెప్పిన లెక్క. తక్కువ తిరిగే బండికి ఏడాదికి ఒకసారైనా పెట్టాలి.

7. మన పానాలు సరిగ్గా పట్టవు

ఈ కార్ల నట్లు అంగుళాల కొలతవి. అర అంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు. 13 నంబరు పానా దానికి పట్టినట్టే ఉండి, బిగుసుకున్న నట్టు దగ్గర జారి మూలలు అరగదీస్తుంది. ఒక అంగుళాల పానాల సెట్టు కొనుక్కుంటే నట్లూ మిగులుతాయి, మెకానిక్ వేళ్లూ మిగులుతాయి.

8. ఖరీదైన ఆయిల్ కంటే సరైన ఆయిల్ మేలు

ఈ పాత ఇంజిన్లలో క్యామ్‌షాఫ్ట్ నేరుగా ట్యాపెట్ మీద రాసుకుంటూ తిరుగుతుంది. ఆ రాపిడిని తట్టుకోవడానికి ఆయిల్‌లో జింక్ మిశ్రమం కావాలి. కొత్త కార్ల పలుచని ఆయిళ్లలో దాన్ని తగ్గించారు. మన ఎండలకు జింక్ తగినంత ఉన్న 20డబ్ల్యూ-50 మినరల్ ఆయిల్ సరిపోతుంది.

9. పెట్రోల్ రెండుసార్లు మారింది

2000 సంవత్సరంలో దేశమంతటా సీసం లేని పెట్రోల్ వచ్చింది. పాత ఇంజిన్ల వాల్వ్ సీట్లకు ఆ సీసమే రక్షణ. కాబట్టి హెడ్ విప్పినప్పుడు గట్టి సీట్లు వేయించడం మంచిది. ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్ బంకుల్లో మామూలైంది. ఇథనాల్ పాత రబ్బరు గొట్టాలను మెత్తబరుస్తుంది, తేమను పీల్చి ట్యాంకులో తుప్పు పుట్టిస్తుంది. పాత పైపులన్నీ తీసేసి ఇథనాల్‌ను తట్టుకునేవి వేయించండి. పెట్రోల్ కారి మంటలు రావడం పాత కార్లకు నిజమైన ముప్పు.

10. బ్యాటరీ తీగలు తిరగబడి ఉండవచ్చు

1960ల మధ్య వరకు వచ్చిన చాలా బ్రిటిష్ కార్లలో బ్యాటరీ ప్లస్ కొసను బాడీకి కలిపేవారు. ఇప్పటి కార్లలో మైనస్‌ను కలుపుతారు. చూసుకోకుండా జంపర్ వైర్లు వేసినా, కొత్త రేడియో బిగించినా పరికరాలు కాలిపోతాయి.

11. కదలని బండికే రోగాలెక్కువ

బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీలుస్తుంది. బండి తిరగకున్నా రెండేళ్లకోసారి మార్చాలి. టైరు మీది చివరి నాలుగు అంకెలు అది తయారైన వారం, సంవత్సరం చెబుతాయి. గుండీలు బాగున్నా, పదేళ్లు దాటిన టైరును నమ్మకండి. పదిహేను రోజులకు ఒకసారైనా ఇంజిన్ పూర్తిగా వేడెక్కేలా నడిపితే సీళ్లు ఎండిపోవు.

12. అరవై దాటకున్నా హుషారే

ఈ కార్ల ఆనందం స్పీడులో లేదు. స్పిట్‌ఫైర్‌లో సీటు రోడ్డుకు చాలా దగ్గరగా ఉంటుంది కాబట్టి 60 కిలోమీటర్ల వేగమే 100లా అనిపిస్తుంది. తెల్లవారుజామున మరిపెడ నుంచి డోర్నకల్ దాకా వెళ్లి, 1939లో ప్రతిష్ఠించిన ఎపిఫనీ కథీడ్రల్ చూసి ఎండ ముదరకముందే తిరిగి రావడం ఇలాంటి బండికి తగిన ప్రయాణం. హెరాల్డ్, తొలి స్పిట్‌ఫైర్ నడిపేవారికి ఒక హెచ్చరిక: మలుపు మధ్యలో యాక్సిలరేటర్ ఒక్కసారిగా వదలకండి. వెనక చక్రాలు లోపలికి ముడుచుకుని పట్టు తప్పుతుంది. మలుపుకు ముందే వేగం తగ్గించాలి.

13. యాభై ఏళ్లు దాటితే వేరే రిజిస్ట్రేషన్

2021లో కేంద్రం మోటారు వాహనాల నిబంధనలు సవరించి, 50 ఏళ్లు దాటి అసలు రూపంలోనే ఉన్న కార్లు, ద్విచక్ర వాహనాలకు వింటేజ్ హోదా కల్పించింది. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, తర్వాతి నమోదుకు 5,000. నంబరులో 'వీఏ' అక్షరాలుంటాయి. ప్రదర్శనలు, ర్యాలీలు, రిపేరు, పెట్రోల్ కోసం రోడ్డెక్కవచ్చు. రోజువారీ తిరుగుళ్లకు, కిరాయికి కుదరదు.

14. అన్నిటికంటే అరుదైన స్పేర్ పార్టు అనుభవం

గ్యాస్కెట్లు, పాయింట్లు ఇంకా దొరుకుతాయి. ఫీలర్ గేజ్‌తో పాయింట్ల సందును 0.4 మిల్లీమీటర్లకు సరిచేసి, చెవితో ట్యూనింగ్ పట్టే మెకానిక్‌లే తగ్గిపోతున్నారు. అంబాసిడర్లు విప్పి బిగించిన పెద్ద మెకానిక్ మీ ఊళ్లో ఉంటే, ఆయన చేతి కింద ఒక కుర్రాణ్ని నిలబెట్టండి, పని జరుగుతుండగా ఫోన్లో వీడియో తీయండి. రేపు ఎవరి షెడ్డులో పాత కారు లేచినా, దాన్ని లేపేది ఆ విద్యే.