ఒక్కరికి ‘దే’ వాడితే తప్పా?

‘ఎవ్రీవన్ షుడ్ బ్రింగ్ దెయిర్ బుక్’ అని రాసిన విద్యార్థికి మన బడుల్లో ఇప్పటికీ మార్కు తగ్గిస్తారు. ‘ఎవ్రీవన్’ ఏకవచనం కాబట్టి ‘హిజ్’ అనే రాయాలని, ‘దే, దెయిర్’ బహువచనాలని చెబుతారు. ఇంగ్లిష్‌లో రోజూ వాడే ఈ చిన్న మాట మీద పేరుకున్నన్ని అపోహలు పెద్ద పెద్ద పదాల మీద కూడా లేవు.

అపోహ: ఒక మనిషికి ‘దే’ వాడటం ఈ మధ్య పుట్టిన ఫ్యాషన్.

వాస్తవం: ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ చూపిన తొలి ఉదాహరణ 1375 నాటిది. ‘విలియం అండ్ ద వేర్‌వుల్ఫ్’ అనే కథాకావ్యంలో ఉంది. అదే శతాబ్దంలో కవి చాసర్ వాడాడు. తర్వాత షేక్స్‌పియర్ వాడాడు. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లోనూ ఈ ప్రయోగం కనిపిస్తుంది. జేన్ ఆస్టిన్ నవలల్లో లెక్కలేనన్ని చోట్ల దొరుకుతుంది. ఇంతమందికి ఇంగ్లిష్ రాదనుకోవాలా?

అపోహ: ఆడో మగో తెలియనప్పుడు ‘హీ’ అనడమే అసలైన వ్యాకరణం.

వాస్తవం: ఈ సూత్రం ‘దే’ ప్రయోగం కన్నా దాదాపు 400 ఏళ్లు చిన్నది. 18వ శతాబ్దంలో వ్యాకరణ పుస్తకాలు రాసినవారు దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. 1795లో లిండ్లీ మర్రే రాసిన వ్యాకరణం ఏకవచనానికి ‘దే’ వాడటాన్ని తప్పుగా చూపింది. ఆ పుస్తకం బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ ఎన్నో ముద్రణలు పొందింది. 1850లో బ్రిటిష్ పార్లమెంటు, చట్టాల్లో పుల్లింగ పదాలు స్త్రీలకూ వర్తిస్తాయని శాసనం చేసింది. మన దేశంలో ఇప్పటికీ అమల్లో ఉన్న 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 13వ సెక్షన్ కూడా ఇదే చెబుతుంది.

‘హీ’లో స్త్రీలూ ఉన్నారన్న మాట ఎంతవరకు నిలిచిందో 1868లో తేలింది. ఓటర్ల జాబితాలో తమ పేర్లు చేర్చాలని మాంచెస్టర్ మహిళలు కోర్టుకు వెళ్లారు. ఓటు హక్కు చట్టంలోని ‘మ్యాన్’ అనే మాటలోకి స్త్రీలు రారని కోర్టు తీర్పు చెప్పింది. 1850 శాసనం వారికి అక్కరకు రాలేదు. ‘హీ’ అంటే అందరూ అని పాఠం చెప్పేవారు ఈ తీర్పును కూడా పిల్లలకు చెప్పాలి.

అపోహ: ఒక్కరికి ‘దే ఆర్’ అంటే కర్తకూ క్రియకూ పొత్తు కుదరదు.

వాస్తవం: మరి ‘యు ఆర్’ సంగతి? ఒకప్పుడు ఇంగ్లిష్‌లో ఒక్కరితో మాట్లాడితే ‘దౌ’ అనేవారు, ‘యు’ బహువచనం. మర్యాద కోసం ఒక్కరినీ ‘యు’ అనడం మొదలై, చివరికి ‘దౌ’ అనే మాటే వాడుకలోంచి పోయింది. 17వ శతాబ్దంలో క్వేకర్లు అనే క్రైస్తవ వర్గంవారు ఈ మార్పు అబద్ధమని, అహంకారమని ఎదురు తిరిగారు. భాష వారి మాట వినలేదు. ఈరోజు ఎదుట ఉన్నది ఒక్కరే అయినా ‘యు ఆర్’ అంటున్నాం, ఎవరికీ తప్పనిపించడం లేదు.

నిజానికి తెలుగువారికి ఇందులో వింత ఏముంది? తలుపు చప్పుడైతే “ఎవరో వచ్చారు, చూడు” అంటాం. వచ్చింది ఒక్కరే కావచ్చు, ఆడో మగో తెలియకపోవచ్చు, అయినా క్రియ బహువచనంలోనే ఉంటుంది. “ఎవరి పుస్తకం వారు తెచ్చుకోవాలి” అన్నప్పుడు ‘వారు’ ఒక్కొక్కరినీ వేరువేరుగా చూపుతుంది. దాన్ని ‘ఎవడి పుస్తకం వాడు’ అని దిద్దితే ఆడపిల్లలు ఆ వాక్యంలోంచే పోతారు, పైగా మోటుగా ఉంటుంది. కాబట్టి ‘దెయిర్’ అని రాసిన మన పిల్లల చెవి తప్పుగా ఏమీ వినలేదు.

అపోహ: ఇబ్బందిగా ఉంటే కొత్త మాట పుట్టిస్తే సరిపోతుంది.

వాస్తవం: ఆ ప్రయత్నమూ జరిగింది. అమెరికన్ న్యాయవాది చార్లెస్ కన్వర్స్ 19వ శతాబ్దంలో ‘థాన్’ అనే సర్వనామం తయారుచేశాడు. చర్చిల్లో పాడే ‘వాట్ ఎ ఫ్రెండ్ వి హావ్ ఇన్ జీసస్’కు బాణీ కట్టింది ఆయనే. ఆ మాట 1934లో వెబ్‌స్టర్ నిఘంటువుకెక్కి, 1961 కూర్పులో తొలగిపోయింది. బాణీ నిలిచింది, మాట నిలవలేదు.

అపోహ: ఏకవచన ‘దే’ ట్రాన్స్‌జెండర్ హక్కుల చర్చతోనే వచ్చింది.

వాస్తవం: ఇక్కడ రెండు ప్రయోగాలు కలిసిపోతున్నాయి. ఎవరో తెలియని మనిషికి వాడటం పాతది. తాము స్త్రీ, పురుషుడు అనే రెండు గుర్తింపుల్లో ఇమడమని చెప్పేవారు తమ కోసం కోరుకునే ‘దే’ కొత్తది. మెరియం-వెబ్‌స్టర్ నిఘంటువు 2019లో ఈ కొత్త అర్థాన్ని చేర్చి, అదే ఏడాది ‘దే’ను ఆ సంవత్సరపు మాటగా ప్రకటించింది. పరిశోధక వ్యాసాలకు ప్రామాణికమైన ఏపీఏ శైలి కూడా 2019 కూర్పులో రెండు వాడుకలనూ ఆమోదించింది. ఎవరైనా తమను ‘దే’ అనమని కోరితే అలాగే అనడం కనీస మర్యాద.

పోటీ పరీక్షలు రాసేవారు మాత్రం ఒకటి గుర్తుంచుకోవాలి. మన దగ్గర తరతరాలుగా చదువుతున్న రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణం, ఆడో మగో తేలనప్పుడు ‘హీ’ వాడమంటుంది. ఆ పద్ధతిలోనే ప్రశ్నలు వస్తుంటాయి కనుక ఆప్షన్లు చూసి జాగ్రత్తగా గుర్తించండి. వాక్యం మీరే రాయాల్సి వస్తే ‘ఆల్ స్టూడెంట్స్’ అని మొదలుపెట్టండి, అప్పుడు ‘దెయిర్’ను ఎవరూ కాదనలేరు. ప్రశ్నపత్రాలు తయారుచేసేవారికి ఒక్క విన్నపం: చాసర్, ఆస్టిన్ రాసిన ఇంగ్లిష్‌ను తప్పు సమాధానంగా చూపే ప్రశ్నలు ఇకనైనా మానండి.